మందు తోంగు

మా ఇంట్లో ఏదీ పారేయం. గొప్పకు చెప్పడం లేదు, పారేయడం నాకు చేతకాదు, అంతే. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొదట్లోకి పోతాయి. చేప కడిగిన నీళ్ళు మునగ చెట్టుకి. కొబ్బరి పిప్పి, గుడ్డు పెంకులు, కాచిన టీ పొడి వెనక గోడవారనున్న గోతిలోకి. కూరగాయలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు కడిగి బట్టలతోపాటు తీగమీద ఆరేస్తాను. లారీ తోలే మా అబ్బాయి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ తీగ చూసి విసుక్కునేవాడు.

"అమా, ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?"

"కడిగినారనుకుంటారు" అనేదాన్ని.

నన్ను పీనాసి అన్నవాళ్ళే ఎక్కువ. ఎవరైనా ఏమైనా అననీ, నాకు పట్టేది కాదు. అలాంటిది ఒకరోజు మా మనవరాలు, ఆ అబ్బాయి కూతురే, తీగమీది సంచులకి ఫోన్ పెట్టి ఫోటో తీసింది.

"మామ్మా, నువ్వు సస్టైనబుల్ లా" అంది. ఈ మలాయి దేశంలో మాట చివర ఊరికే లా తగిలించడం అలవాటు.

"అంటే ఏటే?"

దానికి తెలుగు అర్థమవుతుంది గాని మాటలు తొందరగా నోటికి రావు. కాసేపు ఆలోచించింది. "మలాయిలో లెస్తారి. అంటే... శానా కాలం ఉంటాది. పోదు."

"ఏటీ, నాను పోకుండా ఇక్కడే ఉండిపోతాననా?"

"నువ్వు కాదు మామ్మా, ఉలగం" అంది, లోకానికి తమిళ మాట వాడి.

"ఉలగం సంగతి ఉలగం సూసుకుంటాది. ముందు ఆ సబ్బునీళ్ళు కాలవలో పొయ్యకు, అరటి మొదట్లో పొయ్యి."

అప్పటికి అది ఫ్యాక్టరీ మానేసి వచ్చి కొద్ది నెలలే అయింది. బొట్టంత కరెంటు సామాను కళ్ళ దగ్గర పెట్టుకుని అతికించే పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కళ్ళు మండుతున్నాయని మానేసింది. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. ఒక ఏడాది చూస్తాను, ఆకుకూరలు పండించి అమ్ముకుని బతకలేకపోతే మళ్ళీ ఫ్యాక్టరీకే పోతాను అని వాడికి మాటిచ్చి, బటాంగ్ బెర్జుంటై అనే ఊరి దగ్గర నేనుండే ఈ వరస ఇళ్ళకు వచ్చింది. మేం పనిచేసిన రబ్బరు ఎస్టేటు పోయాక ఇచ్చిన ఇల్లిది. వెనక కొంచెం జాగా, దాని తరవాత కాలవగట్టు. ఆ గట్టు మీద కూడా నేనెప్పటినుంచో మొక్కలు వేస్తూనే ఉన్నాను. ఎవరూ వద్దనలేదు.

మొదట చుట్టుపక్కల ఇళ్ళకే అమ్మింది. తోటకూర, ఇక్కడ కంకుంగ్ అనే తూటికూర మార్కెట్టులో ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఇంత దూరం ఎవరొస్తారు? మా దగ్గర మాత్రమే దొరికేది గోంగూర. ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, మా అమ్మ వేసినదాని విత్తనమే. ఏటేటా ఎండబెట్టి గుడ్డలో మూటకట్టి దాచుకుంటూ వచ్చాను. దాని సంగతి ఫోన్లో పెడితే పట్నంలోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో హోటలు నడిపే ఒకావిడ చూసి మాట్లాడింది. అరిటాకు భోజనంలోకి గోంగూర పప్పు, గోంగూర పచ్చడి కావాలట, ప్రతి వారం కావాలట. ముందు తోట చూస్తాను, చూసి మాట్లాడతాను అంది. ఆవిడ తీసుకుంటే మా పిల్ల నిలబడినట్టే. అది ఆ రోజు నుంచి తోటలోనే తిరుగుతూ ఉండేది.

నాకైతే దాని పద్ధతి అర్థం కాలేదు. ఏదీ వృథా చెయ్యకూడదు అంటుంది. అంటూనే డబ్బాలో వానపాములు కొనుక్కొచ్చింది. వానపాముల్ని కొన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

"మన గోతిలో లేవేటే?"

"ఇది వేరే జాతి మామ్మా. తొరగా తింటాది."

"మనం పెట్టీదాన్ని తొరగా తినీవోళ్ళు ఇంట్లో శానామందే ఉన్నారు" అన్నాను.

తరవాత ఆకు బొమ్మ వేసిన కొత్త గుడ్డసంచులు తెచ్చింది. నేను కడిగి ఆరేసిన సంచులు తీగమీద వేలాడుతుండగానే. ఇవెందుకే అంటే, కొనేవాళ్ళకు ఇవి బాగుంటాయి అంది. పారేయకుండా ఉండడానికి కొత్తవి కొనాలన్న లెక్క నాకు ఇప్పటికీ అందలేదు. అయినా దానికి ఎదురు చెప్పడానికి నాకు తెలిసినవి కూడా ఈ మధ్య తప్పిపోతున్నాయి.

వాన సంగతి నాకు తెలుసనుకునేదాన్ని. ఎస్టేటులో రబ్బరు చెట్లు గీసి పాలు పట్టే రోజుల్లో తెల్లారి వాన పడితే చెట్టు తడిసి ఆ రోజు పని పోయేది. అందుకని లేస్తూనే ఆకాశం చూసేవాళ్ళం. మబ్బు ఏ మూల నుంచి లేస్తే ఎప్పుడు కురుస్తుందో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఇప్పుడు నేను కురవదు అన్న రోజు కుండపోతగా కురిసి కాలవ నీళ్ళు మడుల్లోకి వచ్చేస్తున్నాయి. కురుస్తుంది నారు వెయ్యి అన్న రోజు నుంచి వారాల తరబడి చుక్క ఉండదు. ఆ ఎండకి కుళాయి కూడా ఆగిపోతుంది. మనవరాలు నన్నడగడం మానేసి ఫోన్ చూడడం మొదలుపెట్టింది. ఫోన్ కూడా తప్పే చెప్పింది. చివరికి ఇద్దరం పెరట్లో నిలబడి పైకి చూసేవాళ్ళం.

అందుకే నాకు తోంగంటే ప్రాణం. తోంగు అంటే ఇక్కడ పీపా. మాది నీలం రంగు ప్లాస్టిక్ తోంగు, నా నడుమెత్తుంటుంది. వాన పడ్డప్పుడు చూరునీళ్ళు దానిలోకి వదులుతాను, వాన లేనప్పుడు వాటితోనే మడులు తడుపుతాను. మొక్కలకి పురుగు పట్టినప్పుడు పుల్లమజ్జిగలో పసుపూ వేపాకూ వేసి దానిలోనే నానబెట్టి చీపురుతో చిలకరిస్తాను. మా ఇంట్లో దాని పేరు మందు తోంగు. "మందు తోంగు మూత ఎట్టినావా", "మందు తోంగులో నీళ్ళున్నాయా" అని మా అబ్బాయి చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాం. మనవరాలు ఒకసారి నేను చేప తోముతుంటే అడిగింది.

"మందు తోంగు అంటావు కదా. ఏ మందు మామ్మా?"

"గడ్డి మందు."

అదింకేమీ అడగలేదు. నేనింకేమీ చెప్పలేదు.

హోటలావిడ పొద్దున్నే వచ్చింది. నడివయసు మనిషి, నగలేవీ లేవు, రబ్బరు చెప్పులు. వాళ్ళ నాన్న తల్లి తెలుగామె, ఎస్టేటు మనిషేనట. తల్లి వైపంతా తమిళం. తమిళంలోనే మాట్లాడుతూ మధ్యలో తెలుగు ముక్కలు వేసింది. నన్ను తమిళంలో లాగే పాట్టి, అంటే మామ్మ, అని పిలిచింది. గోంగూర మడి దగ్గర కూర్చుని ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. కళ్ళు చిట్లించి నవ్వింది.

"మా మామ్మ సేసిన పులుపు ఇదే" అంది. మా మనవరాలి మొహం వెలిగిపోయింది.

"దీనికి ఏం వేస్తారు?" అని అడిగింది ఆవిడ.

మా పిల్ల తొందరగా అందుకుంది. "కెమికల్ ఏమీ లేదు ఆంటీ. మా మామ్మ గడ్డి మందు మాత్రమే. ఫోన్లో కూడా అదే రాసినాను. మూలికలు."

రెండో ఆకు తుంచి నోట్లో వేసుకోబోతున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"గడ్డి మందా? ఎవులు సెప్పినారు నీకు?" ఆ మాట మాత్రం తెలుగులోనే అడిగింది.

"మామ్మే."

ఆవిడ నా వైపు తిరిగింది. "పాట్టీ, ఆకుకూరకి గడ్డి మందు కొడుతున్నావా?"

నాకు కోపం వచ్చింది. జీవితమంతా మొక్కల మధ్య బతికినదాన్ని అడిగే మాటేనా అది? "గడ్డి మందు కొడితే గోంగూర బతుకుతాదేటమ్మా? మాడి సచ్చిపోదూ? నాను పోసీది మజ్జిగ. గడ్డి మందు తోంగులో కలిపి పోస్తాను."

"ఏ తోంగు?"

"అదిగో."

ఆవిడ లేచి తోంగు దగ్గరకు వెళ్ళింది. చుట్టూ తిరిగి చూసింది. దానిమీద కాగితం ఎప్పుడో పోయింది, జిగురు మచ్చ మాత్రం మిగిలింది. ఎక్కడిది పాట్టీ అని అడిగితే చెప్పాను. చెప్పకపోవడానికి ఏముంది? ఎస్టేటులో రబ్బరు తీసేసి పామాయిల్ చెట్లు వేశాక నన్ను మందు పంపు పనిలో వేశారు. వీపున పంపు మోసుకుంటూ చెట్ల మధ్య లలాంగ్ గడ్డిని చంపే మందు కొట్టేవాళ్ళం. ఆ మందు నీలం తోంగుల్లో వచ్చేది. ఖాళీ అయిన ప్రతి తోంగునీ మా పని చూసే మండోర్ గునపంతో పొడిచి గుట్టలో వేసేవాడు. ఆ రోజుల్లో మా లైన్లకు నీళ్ళు లారీలో వచ్చేవి, పట్టుకోవడానికి ఇంట్లో ఏమీ ఉండేది కాదు. పొడవకుండా ఒక్కటి ఇమ్మని ఎన్నో నాళ్ళు అడగ్గా అడగ్గా ఇచ్చాడు.

"ఈ మూత సూడమ్మా. ఇంత బిగువైన మూత ఇప్పుడు కొందామన్నా దొరకదు" అన్నాను.

ఆవిడ మూత చూడలేదు. మూత మీద ఉన్న నా బొటనవేలు చూసింది.

"ఆ గోరు అప్పటిదేనా పాట్టీ?"

"పంపు కారీది. ముందు నల్లబడింది, తరవాత ఊడిపోయింది. మళ్ళీ వచ్చింది గాని వంకరగా వచ్చింది."

"మా మామ్మకీ అలగే ఉండీది" అంది. చేతిలో ఆకు గోడమీద పెట్టేసింది. "ఈ ఆకు నాను తీసుకోలేను పాట్టీ."

"బూడిదెట్టి తోమినాను. సబ్బెట్టి తోమినాను. ఎండలో బోర్లించినాను. వాసన కూడా లేదు. ఇన్నేళ్ళూ మేం తిన్నాం, ఏటయింది మాకు?"

"ఏమీ కాలేదంటే సంతోషమే. కానీ నా దగ్గర తినీవోళ్ళకి నాను సెప్పాలి కదా. సెప్తే తినరు. సెప్పకుండా పెడితే నాకు అన్నం దిగదు."

కోపంగా అనలేదు. అలా అనుంటే నేనూ గట్టిగా నాలుగు మాటలు అనేదాన్ని. మనవరాలు ఆవిడతో కారు దాకా వెళ్ళి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"నువ్వు గడ్డి మందు అన్నావు" అంది.

"అది గడ్డి మందే కదే."

"గడ్డితో సేసిన మందు అనుకున్నాను మామ్మా."

"కాదు. గడ్డిని సంపీ మందు."

అది నవ్వింది. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుంది. కాసేపటికి, "సంపీదాన్ని మందు అంటారేటి మామ్మా?" అని అడిగింది.

"దోమలకి మందు. ఎలకలకి మందు. దగ్గుకి మందు. మీ తాత తాగీది మందు. అన్నీ మందే" అన్నాను. చెప్పాక అది నా చెవికే ఎలాగో వినిపించింది.

తరవాత రోజుల్లో అది కనిపించిన వాళ్ళనల్లా అడిగింది. ఎరువుల కొట్టతను, ఇన్నేళ్ళు కడిగాక దానిలో ఏం మిగులుతుంది, భయం లేదు అన్నాడు. దానితో చదువుకున్న స్నేహితురాలు, ప్లాస్టిక్కు పీల్చుకుంటుంది, మెల్లగా వదులుతుంది, వాడొద్దు అంది. మట్టిని పరీక్షకు పంపుదామంటే, ఏ మందు కోసం వెతకాలో పేరు చెప్పండి అన్నారట. మామ్మా, దాని పేరేటి అని నన్నడిగింది. నీలం తోంగు, గడ్డి మందు. మాకు చెప్పిన పేరు అంతే. కాగితం మీద ఏం రాసి ఉండేదో మాలో ఎవరూ చదవలేదు. ఎస్టేటు బడిలో నేను నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో ఆ కాగితం లేదు.

కడిగితే పోతుందా, పోదా? ఒక్కళ్ళు కూడా ఇదీ అని చెప్పలేదు. ఉంది అని తేలితే ఏడ్చేదాన్ని. లేదు అని తేలితే ఆ హోటలావిడను తిట్టేదాన్ని. ఏదీ తేలకుండా ఎలా ఉండాలో నాకెవరూ నేర్పలేదు. దేన్నీ పారేయొద్దు అని లోకమంతా ఇప్పుడు చెబుతోంది కదా. నేను పారేయకుండా ఉంచినదే తప్పయింది. ఏది ఉంచాలో, ఏది పారేయాలో ఏ గుర్తు చూసి తెలుసుకోవాలి?

ఒక పొద్దున నేను లేచేసరికి మనవరాలు గోంగూర మొత్తం పీకేసింది. తోటకూర, బచ్చలి కూడా. నల్ల సంచుల్లో కుక్కుతోంది.

"గోతిలో వెయ్యవే, ఎరువవుతాది" అన్నాను.

"గోతిలో వొద్దు మామ్మా. మళ్ళీ మట్టిలోకే వస్తాది."

మా ఇంట్లోంచి ఆకుకూర చెత్తలారీకి పోవడం అదే మొదలు. నేను చూడలేక లోపలికి వెళ్ళిపోయాను. వెళ్తూ ఒక గుప్పెడు గోంగూర కొంగులో వేసుకున్నాను. వంటింట్లో గట్టుమీద పెట్టాను. పొయ్యి ఎక్కించలేదు. పారేయనూ లేదు. మర్నాటికి వాడిపోయింది, ఆ తరవాత నల్లబడింది. గుడ్డలో మూటకట్టిన విత్తనాల మీద కూడా నాకు అనుమానం పట్టుకుంది. విత్తనానికి ఏమీ కాదేమో అంది మనవరాలు. దాని నోట కూడా ఏమో అనే మాట ఎక్కువైంది.

తరవాత మనవరాలు కారేసుకుని తనే బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళింది. పీకేసిన మడుల ఫోటో చూపించిందట. ఫోన్లో రాసిన గడ్డి మందు మాట చెరిపేశాను అని చెప్పిందట. ఆవిడ భోజనం పెట్టి, మునగకీ కరివేపాకుకీ ఏం పోస్తారు అని అడిగిందట. వాటికి నేను తోంగునీళ్ళు ఎప్పుడూ పోయలేదు, బియ్యం కడిగిన నీళ్ళూ చేప నీళ్ళూ గిన్నెతోనే పోస్తాను. ఆ రెండు ఆకులూ ప్రతి వారం పంపు అందట. గోంగూర సంగతి మాత్రం, వేరే మట్టి తెచ్చి కొత్త మడులు కట్టాక, తనే మళ్ళీ వచ్చి చూసి చెబుతుందట. మా అబ్బాయి ఫ్యాక్టరీ మాట ఎత్తితే అది, "ఇంకా ఏడాది అవలేదు కదా లా" అంది. దాని గొంతు గట్టిగా లేదు. అయినా అంది.

ఇక తోంగు మిగిలింది. చెత్తలారీ వాళ్ళు మేం తీసుకోం అన్నారు. పాత సామాన్లు కొనే లారీ అతను సంతోషంగా ఎత్తుకోబోయాడు, నీళ్ళకి బాగుంటుంది, ఎవరైనా కొంటారు అని. మనవరాలు ఆపేసింది. పురుగుమందులు అమ్మే కొట్లో, ఎక్కడ కొన్నారో అక్కడికే తిరిగిచ్చేయండి అన్నారట. మాకిచ్చిన ఎస్టేటే ఇప్పుడు లేదు, ఆ జాగాలో వరసగా ఇళ్ళు లేచాయి. దాన్ని గోడ పక్కన బోర్లించి వదిలేశాం.

పక్కింటి మలాయి ఆవిడ నా ఈడుది. ఎండకి మా కుళాయి ఆగితే ఆవిడ కుళాయీ ఆగుతుంది. ఒక సాయంత్రం గోడ మీదుగా తొంగి చూసింది.

"ఆ తోంగ్ నీకొద్దా? పారేస్తే సాయంగ్ లా. నాకియ్యి" అంది మలాయిలో. సాయంగ్ అంటే అయ్యో, మంచి వస్తువు కదా అని జాలిపడ్డం. మా ఇంట్లో నేను రోజూ అనే మాటే.

ఇచ్చేద్దామనిపించింది. వాడుకునే మనిషి చేతికి పోతే దానికో దారి దొరికినట్టు. అయినా చెప్పాలి కదా అని నోరు తెరిచాను. మలాయిలో మందుని ఉబాట్ అంటారు. "అది ఉబాట్ తోంగ్" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "ఏం ఉబాట్? మోకాళ్ళకా?"

"మోకాళ్ళకి కాదు."

"మరి దేనికి?"

నేను తడుముకున్నాను. ఎస్టేటులో మలాయి మండోర్లు ఆ తోంగుల్ని ఉబాట్ అనేవాళ్ళు కాదు. వాళ్ళ మాట వేరు. అన్నేళ్ళు విన్నాను, మోశాను, నా నోటితో ఎప్పుడూ అనలేదు. మనకి మందు అనే మాట ఉంది కదా, దానితోనే సరిపోయేది.

"రాచున్" అన్నాను. విషం అని.

గోడమీద ఉన్న ఆవిడ చెయ్యి వెనక్కి పోయింది. నేను కూడా తోంగు మీద పెట్టిన చెయ్యి తీసేశాను, ఎందుకో మరి.

లోపలికి వెళ్ళి సుత్తీ పెద్ద మేకూ తెచ్చాను. మనవరాలు తోంగు పట్టుకుంది. మండోర్ ఎలా పొడిచేవాడో అలాగే అడుగున పొడిచాను. ప్లాస్టిక్కు గట్టిది, ఒక పట్టాన దిగలేదు. కన్నాలు పడ్డాక మూత విప్పి తీసి విడిగా పెట్టాను.

"మామ్మా, మూత కూడా" అంది మనవరాలు.

"మూతేటి సేసిందే? మూతలో మందు లేదు కదా."

"మూత కూడా మామ్మా."

మూత చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ బిగువుగానే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.